కొమరయ్య బండికి ఎడమ పక్క

మా నాన్న కొమరయ్య బండిని మీరు చూసే ఉంటారు. మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు రోజూ పోయేవాళ్లు దాన్ని చూడకుండా తప్పించుకోవడం కష్టం. బోనాల పండగకు ముస్తాబు చేసి ఊరేగించే ఫలారం బండి దారి తప్పి మామూలు రోజున రోడ్డెక్కిందనుకుని కొందరు పక్కకు తప్పుకుంటారు, కొందరు ఫోన్లు తీస్తారు. ముందు కూర్చుని నడిపేది మా నాన్న. వెనక కూర్చుని ఆయన భుజం చరిచేది మా అమ్మ కృపమ్మ. వాళ్లకు పుట్టిన పాపానికి నేను, అంటే జోస్నాను, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లింగు చేసుకుంటూ, ఎవరైనా "ఆ బండి మీ నాన్నదేనటగా" అంటే కంప్యూటర్‌లోకి తల దూర్చేస్తాను.

నాన్న ఆర్టీసీలో డ్రైవరు. అమ్మ అదే బస్సులో కండక్టరు. అమ్మ "రైట్ రైట్" అంటే కదలడం, "హోల్డాన్" అంటే ఆగడం నాన్నకు అలవాటైపోయి, ఆ అలవాటు ముదిరి పెళ్లయింది. ఇప్పటికీ ఇంట్లో ఆయన్ని అమ్మ డ్రైవర్ సాబ్ అనే పిలుస్తుంది, ఆయన కండక్టరమ్మ అంటాడు. ప్రేమ పొంగినప్పుడూ అదే పిలుపు, పప్పులో ఉప్పు తక్కువైనప్పుడూ అదే పిలుపు. ఇద్దరూ రిటైరయ్యాక బస్సు పోయింది, బండి మిగిలింది.

అది పాత హీరో హోండా సీడీ హండ్రెడ్. నేను పుట్టకముందు కొన్నది. ఉద్యోగంలో ఉన్నంత కాలం నాన్న దాన్ని కడగడం, నూనె మార్చడం తప్ప ఇంకేమీ చేసి ఎరగడు. రిటైరైన తర్వాతే ఆయనకు పురుగు తొలిచింది. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో సీతారాములు అని ఒక మెకానిక్ ఉన్నాడు, పాత బండ్లు కొని విప్పి సామాన్లు అమ్ముతాడు. మొదటిసారి నాన్న అక్కడికి పోయినప్పుడు అమ్మతోపాటు నేనూ ఉన్నాను, మార్కెట్‌కి పోయి వస్తూ దారిలో దొరికిపోయాను.

"సీతారాములూ, గీ లైటు కిరసనాయిలు బుడ్డి లెక్కున్నది. బుల్లెట్ లైటు పెట్టు," అన్నాడు నాన్న.

"అన్నా, గిది వంద సీసీ బండి. గా లైటుకు దీని కరెంటు సాల్దు. కాయిల్ మార్చాలె, బ్యాటరీ మార్చాలె."

"మార్చు."

"గిదే మంచిగ వెల్గుతుంది గదన్నా."

"నీకు వెల్గుతుంది. ఫ్లైఓవర్ కట్టినంక కిందంతా చీకటే. నువ్వు పెడ్తవా, ఇంకోని కాడికి పోవాల్నా?"

సీతారాములు పెట్టాడు. వాడిదేం పోయింది? మేకపిల్లకు ఎద్దు తలకాయ తగిలించినట్టు ఉంది. అదే ఆఖరనుకున్నాను. కాదు, అది బోణీ.

కొన్నాళ్లకు అద్దాలు మారాయి. బండికి వచ్చిన అద్దాల్లో గడ్డం గీసుకోవడానికి కూడా వీలు కాదని ఆటో అద్దాలు పెట్టించాడు. ఎడమ అద్దం కింద మళ్లీ ఒక గుండ్రటి ఉబ్బెత్తు అద్దం, లారీలకు ఉండేది. ఎందుకయ్యా అంటే పోరగాళ్లు ఎడమ పక్కకెళ్లి దూరిపోతున్నారట. ఆ తర్వాత బ్రేకు పట్టడం లేదని పల్సర్ ముందు ఫోర్కు డిస్కు బ్రేకుతో సహా తెచ్చి, అది ఇందులో కూర్చోకపోతే లేతు మీద బుష్షు చేయించి మరీ కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఇన్నోవా హారన్. ఆ హారన్ మొదటిసారి కొట్టిన రోజు మా గల్లీలో ఒక ముసలాయన చేతిలో పాల పాకెట్టు వదిలేశాడు. ఆ తర్వాత ట్రాలీ ఆటో బంపర్ ముక్క కోయించి ఎడమ కాలి ముందు గార్డుగా వెల్డింగు చేయించాడు. దాని అంచున ఒక పొడుగు కడ్డీ, కడ్డీ చివర ఎర్ర గుండు. పాత బస్సులకు ఎడమ మూల ఎక్కడుందో డ్రైవరుకు తెలియడానికి అలాంటిది పెట్టేవాళ్లు. బస్సుకు మూల ఉంటుంది. మోటారు సైకిలుకు మూల ఏంది?

ఇవన్నీ ఎడమ పక్కకే చేరేసరికి సైడు స్టాండు వేస్తే బండి సొమ్మసిల్లి పడిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రోడ్డుది తప్పు, లైటుది తప్పు, అద్దానిది తప్పు, పక్కన పోయేవాడిది తప్పు. కొమరయ్యగారిది మాత్రం ఏ తప్పూ లేదు. కొత్తపేట దగ్గర ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, బండి చుట్టూ తిరిగి చూసి, ఎక్కడ మొదలుపెట్టి రాయాలో తోచక, "పోండ్రి పెద్దాయనా," అని దండం పెట్టాడట. నాన్న దాన్ని సన్మానం కింద చెప్పుకున్నాడు.

అమ్మ సంగతి ఇంకో రకం. సామాన్లకు పైసలు తగలేస్తుంటే ఏ ఇల్లాలైనా ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈమె నోరెత్తదు. పైగా బండి గడప దాటితే చాలు, వెనకెక్కి కూర్చుంటుంది. సీతారాములు షెడ్డుకు పోతే అక్కడా స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. పాల పాకెట్టుకు పోయినా, మంగలి దుకాణానికి పోయినా ఆమె ఉండాల్సిందే. దారి పొడుగునా ఆ భుజం చరచడం ఒకటి. ఎడమ భుజం మీద ఒకటి, కుడి భుజం మీద ఒకటి, మెల్లగా రెండు తట్లు తడితే ముందుకు పోవచ్చని. మధ్యలో "హోల్డాన్" అని కేక. బస్సులో బెల్లు తాడు లాగిన చెయ్యి ఇక్కడ చొక్కా లాగుతోందని నాకు పరువు పోయేది.

"అమ్మా, నీ సర్వీసు అయిపోయింది. జర చేతులు కుదురుగ పెట్టుకోరాదా," అన్నాను ఒకసారి.

"జీతం లేకున్నా డ్యూటీ చేస్తున్న. నీకేం నొప్పి?" అంది.

పక్కింటి ఉదయలక్ష్మిగారిది భీమవరం. మనసులో మాట కడుపులో దాచుకోలేరు పాపం, అజీర్తి చేస్తుంది. నన్ను గేటు దగ్గర ఆపి, "ఏమ్మా జోస్నా, ఏమీ అనుకోకు. మీ అమ్మ ఆయన్ని పాల పాకెట్టుకి కూడా ఒంటరిగా పంపదేంటి? ఈ వయసులో కాపలా ఏంటమ్మా? మీ నాన్నగారికి ఎక్కడైనా ఏమైనా..." అని కళ్లతో మిగతాది పూర్తి చేశారు. వచ్చి అమ్మకు చెబితే అమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గా ముఖానికి గదొక్కటే తక్కువ," అంది. నాన్నకు కూడా చెప్పాను. ఆయన వారం పాటు మీసాలకు రంగేసుకున్నాడు.

చర్చిలో ఇంకో తమాషా. పాస్టరుగారు ప్రార్థన చివర్లో రోగులను, విద్యార్థులను, ప్రయాణములో ఉన్నవారిని కాపాడుము ప్రభువా అంటారు. రోగుల దగ్గర, విద్యార్థుల దగ్గర అమ్మ మామూలుగానే ఉండేది. ప్రయాణములో ఉన్నవారి దగ్గరికి వచ్చేసరికి మైకు అక్కర్లేకుండా ఆమెన్ అనేది. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఆర్టీసీ భక్తి అనుకున్నాను.

ఈ సంసారంలోకి శ్రీకర్ వచ్చి పడ్డాడు. మా పై పోర్షన్‌లో కిరాయికి ఉంటాడు, తణుకు వైపు పిల్లాడు, కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాడు. బండ్ల పిచ్చి. తన కొత్త బండిని పసిబిడ్డకు స్నానం చేయించినట్టు కడుగుతాడు. ఒక సాయంత్రం నాన్న బండి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"అంకుల్, మీరు చేసింది మామూలు మాడిఫికేషన్ కాదండీ. ఇది స్టేట్‌మెంటండీ."

"బ్యాంకుదా?" అన్నాడు నాన్న.

"కాదండీ. అందరూ అందం కోసం పార్టులు మారుస్తారు. మీరు అందాన్ని అసలు లెక్కే చెయ్యలేదు. నాదర్‌గుల్ దగ్గర ఆదివారం పాత బండ్ల షో ఉంది. మీ పేరు ఇచ్చేశాను."

నాన్న ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది. అంతవరకూ గుమ్మంలో ఊరికే నిలబడి వింటున్న అమ్మ ఒక్కసారిగా మొదలుపెట్టింది. ఆదివారం చర్చి అంది. మధ్యాహ్నం అండీ ఆంటీ అన్నాడు శ్రీకర్. ఎండ అంది. షామియానా ఉందన్నాడు. తనకు మోకాళ్ల నొప్పులంది. మీరు ఇంట్లోనే ఉండండి, అంకుల్‌ని నేను తీసుకెళ్తా అన్నాడు. అప్పుడు అమ్మ మొహం మాడిపోయింది.

"కాకి పిల్ల కాకికి ముద్దు. గా కాకిపిల్లను ఊరందరికి చూపియ్యాల్నా?" అంది నాన్నతో.

"నలుగురు నన్ను మెచ్చుకుంటే నీకెందుకే కడుపునొప్పి?"

సామాన్లు కొన్నన్నాళ్లూ నోరెత్తని మనిషి, ఎవరో మెచ్చుకుంటామంటే అడ్డం పడుతుందేమిటని నాకూ వింతగానే ఉంది. నాన్న పక్షాన నేనూ నాలుగు మాటలన్నాను. ఆదివారం ఆరాధన కాగానే, చర్చి బట్టల్లోనే, వాళ్లు బండి మీద, నేను నా స్కూటీ మీద, శ్రీకర్ ముందు దారి చూపిస్తూ నాదర్‌గుల్ దారి పట్టాం.

అదొక ఖాళీ మైదానం. గడ్డాలకు నూనె రాసుకున్న పోరగాళ్లు, వాళ్ల పాత బండ్లు. అన్నీ నల్లగా, సన్నగా, ఉన్నవి ఊడపీకి తక్కువ చేసిన బండ్లు. చాలావాటికి వెనక సీటే లేదు, పెళ్లాం పిల్లలు ఉండే ఉద్దేశం లేనట్టు. వాటి మధ్యన మా బండి నిలబడితే జనం అటే మూగారు. ఉబ్బెత్తు అద్దంలో మొహాలు చూసుకున్నారు, హారన్ కొట్టించుకున్నారు. ఎర్ర గుండుతో సెల్ఫీలు దిగారు. నాన్న ప్రతి పార్టుకూ ఏ బండిదో, ఎలా కూర్చోబెట్టారో చెబుతున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం రిటైరైనప్పటి నుంచి నేను చూడలేదు. నా కడుపు నిండిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అప్పుడు మైకు పట్టుకున్న కుర్రాడు ప్రకటించాడు. ప్రతి ఒక్కరూ తమ బండి మీద మైదానం చుట్టూ ఒక్క రౌండు వేయాలట. వీడియో తీస్తారట.

"మా కండక్టరమ్మ గూడ ఎక్కుతది," అన్నాడు నాన్న.

"సోలో అంకుల్. ఒక్కరే నడపాలి. అదీ రూలు."

"ఆమె ఎక్కకుంటే బండి కదల్దు బాబూ."

అందరూ నవ్వారు. మైకు కుర్రాడు కూడా నవ్వి, "ఆంటీ పర్మిషన్ లేకుండా అంకుల్ ఒక్క అడుగు వెయ్యరంట," అని మైకులోనే అన్నాడు. ఈలలు పడ్డాయి. నాన్న మొహం ఎర్రబడింది. బండెక్కి కిక్కు కొట్టాడు. అమ్మ వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"డ్రైవర్ సాబ్, దిగు. ఇంటికి పోదాం."

"ఒక్క చక్కరే."

"నా మాట ఇను. దిగు."

"ఇడువు కృపా. నలుగురిల ఇజ్జత్ తియ్యకు."

తన సర్వీసులో అమ్మ ఆగమంటే ఆగకుండా పోయింది ఆ ఒక్కసారేనట. తర్వాత చెప్పాడు.

నేను మలుపు దగ్గరికి పోయి, బండి పోయే బాటకు ఎడమ పక్కన, ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. చర్చికని వేసుకున్న పసుపుపచ్చ చుడీదార్. మిట్టమధ్యాహ్నం. గుడ్డివాడికి కూడా కనపడతాను అనుకునేంత పసుపు. నాన్న హాయిగా వస్తున్నాడు, వెన్ను నిటారుగా, బస్సు నడిపినంత దర్జాగా. మలుపు తిరిగి నా వైపుకే వస్తున్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. దగ్గరకొచ్చి నవ్వుతాడు, ఆ నవ్వు ఫోన్లో పడుతుంది, దుకాణంలో అందరికీ చూపించాలి, ఇదీ నా లెక్క. కన్నతండ్రి బండి వస్తుంటే ఎవరు పక్కకు తప్పుకుంటారు?

"హోల్డాన్!"

నిండు బస్సులో వెనక మెట్టు మీద నుంచి ముందు డ్రైవరుకు వినపడేలా అరిచిన గొంతు అది. మైదానమంతా ఆగిపోయింది. డిస్కు బ్రేకు పట్టింది, వెనక చక్రం పక్కకు జారింది, ఎర్ర గుండు వచ్చి నా కడుపుకు తగిలింది. ఫోన్ ఎక్కడో పడింది.

నాన్న తల తిప్పలేదు. నేరుగా ముందుకే చూస్తున్నాడు.

"ఏమైంది కృపా? ఎవరన్న అడ్డమొచ్చిండ్రా? ఎవరికన్న తాకిందా?" అని అడుగుతున్నాడు.

నేను చెయ్యి చాపితే ఆయన చెవి అందే దూరంలో ఉన్నాను. "నాయినా," అన్నాను. అప్పుడు తల మొత్తం ఎడమకు తిప్పి నన్ను చూశాడు. ఆ మొహం నేను చెప్పలేను.

జనం మాత్రం చప్పట్లు కొట్టారు, అదంతా కావాలని చేసిన సర్కస్ అనుకుని. మైకు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "వారెవ్వా అంకుల్, ఏం బ్రేకండీ. ఇన్ని బండ్ల పార్టులు ఒక్క బండిలో. అసలు దీని వెనకున్న కాన్సెప్టు ఏంటో అందరికీ చెప్పండి," అని మైకు నోటి దగ్గర పెట్టాడు.

నాన్న నన్నే చూస్తున్నాడు.

"కండ్లు కనవడ్తలేవు సార్," అన్నాడు.

కుర్రాడు నవ్వాడు. "అంటే, అంకుల్?"

"ఎడమ పక్క కనవడ్తలేదు. అందుకే గా గుండ్రటి అద్దం. పొద్దు గూకితే అసలే కనవడ్తలేదు, అందుకే బుల్లెట్ లైటు. దగ్గరికొచ్చేదాంక తెల్వదు, అందుకే డిస్కు. నేను చూడకున్నా వాళ్లన్న తప్పుకుంటరని హారన్. గిదే కాన్సెప్టు. నా బిడ్డ నిలవడ్డది సార్. కనవడలే."

మైకులో కాబట్టి మైదానం చివరున్న చెరుకు రసం వాడికి కూడా వినపడింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కొందరు కొట్టారు. ప్రత్యేక బహుమతి అని ఒక హెల్మెట్ ఇచ్చారు. ఇక బండి నడపలేని మనిషికి హెల్మెట్. దేవుడు కూడా అప్పుడప్పుడూ కొనేవాడెవరో చూసుకోకుండా సరుకిస్తాడు.

నేను అమ్మ మీద పడ్డాను. షామియానా వెనక్కి లాక్కెళ్లి అడిగాను.

"నీకు ఎర్కనా?"

"ఎర్కనే."

"ఎప్పటిసంది?"

"బుల్లెట్ లైటు కాడికెళ్లి."

"మరి నోట్ల నాలుక లేదా? ఎవరన్న సస్తే ఏం జేస్తుంటివి?"

"అందుకే గదనే ఎన్క గూసునేది," అంది అమ్మ. "దవాఖానకు పోదామంటే, పోతే ఇగ బండి బంద్ అంటరు అన్నడు. బండి బందయితే గా మనిషి ఏమైతడే? బస్సు పోతేనే నెల రోజులు గోడ దిక్కు చూసుకుంట పన్నడు. నాకేం తోచలే. కండ్లు గాయనవి పోతే పోయినయ్, నావి ఉన్నయ్ గదా అనుకున్న."

కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి నాకు. గల్లీ గల్లీ ఆమెను చూసి నవ్వింది. మొగుడిని అనుమానించే ముసలిదని ఉదయలక్ష్మిగారు ఊరంతా చాటింపేశారు. ఈమె భుజం చరుస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ, చర్చిలో ఆమెన్ అంటూ, మనుషులను బతికించుకుంటూ తిరిగింది. అది తప్పే. ఎంత ప్రేమైనా తప్పే. అదే మాట మొహం మీదే అన్నాను, ఆ తర్వాత ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను.

తన బండినీ నా స్కూటీనీ అక్కడే వదిలేసి, నాన్న బండిని శ్రీకర్ నడిపి తెచ్చాడు. మేం ముగ్గురం ఆటోలో వచ్చాం. నాన్న హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మీర్‌పేట్ వైపు తిరిగాక, ఎవరూ అడక్కుండానే, "రేపు దవాఖానకు పోదాం," అన్నాడు.

డాక్టరమ్మ లైటేసి చూసి, చుక్కలేసి చూసి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని చెప్పింది. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలంది. ఎంత ఉందో తేల్చడానికి ఒక పరీక్ష రాసింది. ఒక తెల్లటి గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టాలి. లోపల ఎక్కడ చిన్న లైటు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి ముందున్న తెర మీద, మెరిసే చుక్కలన్నీ మాకూ కనపడుతున్నాయి.

ముందు కుడి కన్ను. నాన్న బటన్‌ను హారన్ కొట్టినట్టు కొట్టాడు.

"అంకుల్, లైటు రాకముందే నొక్కకండి."

"సిగ్నల్ పడకముందే కదుల్తే తప్ప ఈ ఊర్ల బతకలేం బిడ్డా," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. లైట్లు కొన్ని తప్పినా చాలా వాటికి బటన్ పడింది, ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కన్ను పెట్టారు. తెర మీద పైన ఒక చుక్క మెరిసింది. కింద ఒకటి మెరిసింది. పక్కన ఒకటి, మళ్లీ పైన ఒకటి. నాన్న బొటనవేలు బటన్ మీదే సిద్ధంగా ఉంది, కదల్లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చుక్కలు మెరుస్తూనే ఉన్నాయి. చాలాసేపు అట్లాగే బుద్ధిగా కూర్చుని, చివరికి గిన్నెలోంచే అడిగాడు.

"బిడ్డా, ఇంక షురూ చెయ్యరా?"

"సగం అయిపోయింది అంకుల్," అంది ఆ అమ్మాయి.